పేరు చదవని చోటు

జనవరి 2, శుక్రవారం

ఇవాళ కూడా ఆగలేదు.

కొత్త ఇమాము తౌసీఫ్ వచ్చి నెల కావస్తోంది. కుర్రాడు మంచివాడే, గొంతు ఖంగుమంటుంది. కానీ ఖుత్బా అందుకున్నాడంటే లాకులెత్తిన కాలవలా పోవడమే. జుమ్మా నమాజుకి ముందు చదివే ఆ ఖుత్బా రెండో భాగంలో, నలుగురు ఖలీఫాల పేర్లు అయిపోయి, రాజ్యమేలేవాళ్ళ కోసం దువా అందుకునే ముందు, మా నాన్న ఒక్క ఊపిరి సేపు ఆగేవారు. అంతకు ముందు మా తాత ఆగేవారు. ఆయన తండ్రి ఆగారు, మొదలుపెట్టింది ఆయనే. ధవళేశ్వరంలో లాకుల పక్కనున్న ఈ చిన్న మసీదులో వందేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ చోట నిశ్శబ్దం. మా ఇంట్లో ఖుత్బా చదివే ఖతీబు పని నాన్నతో ఆఖరు. నాకు గొంతూ లేదు, భక్తీ అంతంతమాత్రం. ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్ళు చదివిన నోరు నాది.

నాన్నకి పక్షవాతం వచ్చినప్పటి నుంచి శుక్రవారాలు ఆయన మంచం పక్కనే ఉంటున్నాను. మసీదు మా పెరటిగోడ అవతలే కాబట్టి మైకులో అంతా వినిపిస్తుంది. ఆ చోటు దగ్గర పడగానే నాన్న ఎడమ చెయ్యి దుప్పట్లోంచి పైకి లేస్తుంది. తౌసీఫ్ ఆగకుండా దాటిపోతాడు. చెయ్యి అలాగే గాల్లో ఉంటుంది. మాట పోయింది కాబట్టి కళ్ళతో నన్ను నిలదీస్తారు.

"మైకు పాడైంది నాన్నా, మధ్యలో కట్ అవుతోంది," అన్నాను.

నమ్మలేదు.

నాన్నకి స్నానం చేయించడానికి వచ్చే లోవమ్మ కూడా పట్టేసింది. "సాయిబు గారూ, ఆ కుర్రాయన మజ్జిలో ఆగట్లేదేంటండి?"

"నీకెందుకమ్మా ఆ సంగతి?"

"మా దుర్గ కువైట్‌లో పనికెళ్ళింది కదండీ. పెద్దాయన ఆగినప్పుడు దాన్ని తలుచుకునేదాన్నండి. అన్ని మాటలు చెప్తా చెప్తా ఆగారంటే ఎవరికోసవో అయ్యుంటదని."

కాఫీ తాగావా అని అడిగాను.

జనవరి 4, ఆదివారం

ఉదయ్‌భాస్కర్ గారు వచ్చారు. హిస్టరీ లెక్చరరుగా రిటైరైన మనిషి, ఖాళీగా కూర్చోలేరు. ఊళ్ళో స్వాతంత్ర్యం కోసం పాటుపడినవాళ్ళ పేర్లతో బ్యారేజీ రోడ్డు పార్కులో రాయి నిలబెడుతున్నారు. ఇరవయ్యారున ఆవిష్కరణ. అందులో మా ముత్తాత పేరు ఉంటుందట! నేను రెండు ముక్కలు మాట్లాడాలట.

మళ్ళీ మొత్తం కథ చెప్పించుకున్నారు. నాకేం కష్టం, ఆఫీసులో వెయ్యిసార్లు చెప్పిన కథే. 1914. అప్పటిదాకా ఖుత్బాలో ఆ చోట టర్కీ సుల్తాను పేరు చదివేవారు, ముస్లిములకి ఖలీఫా ఆయనే కాబట్టి. దొరలు కూడా పోనీలే అని ఊరుకునేవారు. తీరా మహాయుద్ధంలో టర్కీ ఇంగ్లీషువాళ్ళ మీదకి వచ్చింది. వెంటనే దొర నుంచి కబురు: సుల్తాను పేరు తీసెయ్యి, జార్జి చక్రవర్తికి జయం కలగాలని దువా చెయ్యి. గుమ్మం బయట దొరగారి గుమాస్తా పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. మా ముత్తాత ఖతీబ్ ఇమాముద్దీన్ సాహెబు ఖుత్బా చదివే మింబరు మెట్లెక్కి, ఆ చోటుకి వచ్చి, ఆగారు. చక్రవర్తి పేరు నోట రానివ్వలేదు. గుమాస్తా పెన్సిలు గాల్లోనే ఉండిపోయింది.

పెన్సిలు ముక్క నేను చేర్చిందేనేమో. చెప్పగా చెప్పగా నాకే గుర్తులేదు. చిన్నప్పటి నుంచీ నాన్న ఆగిన ప్రతిసారీ నా కళ్ళ ముందు ఆ గుమాస్తా వెర్రిమొహమే కనిపించేది.

ఉదయ్‌భాస్కర్ గారు చెమ్మగిల్లిన కళ్ళతో నా చేతులు పట్టుకున్నారు. "మీది మామూలు వంశం కాదండీ," అన్నారు.

కాదు మరి.

జనవరి 6, మంగళవారం

మసీదు కమిటీ ప్రెసిడెంటు మస్తాన్ వలీ స్వీటు డబ్బా పట్టుకుని వచ్చాడు. రాయి సంగతి ఊరంతా తెలిసిపోయింది.

"భాయ్, మీకు తెలీదు ఇది మనకెంత పెద్ద మాటో. మావాడికి రాజమండ్రిలో రూము దొరక్క నెలయిందండి. వెళ్ళిన ప్రతిచోటా బాగానే మాట్లాడతారు, పేరు చెప్పగానే ఓనరు ఊళ్ళో లేడంటారు. మొన్నొకాయన నవ్వుతా అడిగాడంట, మీరు ఏ దేశం పక్క, అబ్బాయ్ అని. వీడు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ రాయి మీద మన పేరు ఒక్కటుంటే చాలండి. దాని పక్కన నిలబడి ఫొటో తీసుకుని ఫోన్లో పెట్టుకుంటానన్నాడు. అడిగినోడికి చూపిస్తాడంట."

నవ్వుతూనే చెప్పాడు. స్వీటు డబ్బాకి మూత పెట్టేశాను.

జనవరి 9, శుక్రవారం

ఆగలేదు. నాన్న చెయ్యి లేచింది. ఈసారి దింపడానికి నేను పట్టుకుంటే విదిలించుకున్నారు.

నమాజు అయ్యాక తౌసీఫ్ దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగాను. ఇది మా వంశం నిలబెట్టిన ఆనవాయితీ, నీకు ఇంతకు ముందే చెప్పారు కదా అని.

"చెప్పారు చాచా. ఆ సుల్తానూ లేడు, ఖలీఫా పదవీ పోయింది, ఆ చక్రవర్తీ లేడు. ఇప్పుడు నేను ఎవరి కోసం ఆగాలి? తెలిస్తే ఆగుతాను. తెలియకుండా మింబరు మీద ఆగితే నాటకమవుతుంది."

మనవడి వయసువాడు. కోపంతో ఇంటికొచ్చి బీపీ మాత్ర వేసుకున్నాను.

జనవరి 11, ఆదివారం

ఉపన్యాసం రాశాను. మూడు కాగితాలు వచ్చింది. ఇదంతా నాన్న కోసమే, నాకు దండలూ శాలువాలూ అక్కర్లేదు.

నా ఆవిడ ఖైరున్ అప్పుడే షబేబరాత్ హల్వాకి రవ్వ తెప్పించి పెట్టింది. చచ్చిపోయినవాళ్ళందరి పేరా ఆ రాత్రి ఫాతెహా చదివిస్తాం. మా ఇంట్లో మొదటి వాటా ఎప్పుడూ బస్రా దాదాది. ఎవరో ఔలియా, పుణ్యపురుషుడు. బాగ్దాద్‌కి ఒకాయన, అజ్మీరుకి ఒకాయన ఉన్నట్టే బస్రాకి ఈయన. మా నాయనమ్మ ఆ వాటా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

జనవరి 12, సోమవారం

షేర్వానీకి బొత్తాం ఊడింది. కుట్టించాలి.

జనవరి 17, శనివారం

రామచంద్రపురం వెళ్ళాను, నాన్న చెల్లెలు హలీమా ఫుప్పమ్మని సభకి పిలవడానికి. పండగ మర్నాళ్ళు కావడంతో బస్సులో నిలబడే ప్రయాణం. నడుం పట్టేసింది. పోనీలే అనుకున్నాను, ఆవిడ సంతోషిస్తుందని.

ఎనభై దాటినా ఫుప్పమ్మ నోటికి తుప్పు పట్టలేదు. నా ఉపన్యాసం కాగితాలు తీసి చదివి వినిపించాను. పెన్సిలు దాకా వచ్చేసరికి తమలపాకు నములుతున్న మనిషి ఆపేసింది.

"ధైర్యమా? ఏం ధైర్యంరా రహంతూ?"

"అదేంటి ఫుప్పమ్మా, దొర మాట కాదన్నారు కదా."

"మరి సుల్తాను పేరు చదివాడా?"

నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. చదవలేదు. ఆగారు, అంతే.

"దావూద్ అని ఒకడున్నాడు తెలుసా? మీ తాతకి అన్న. మీ ముత్తాతకి పెద్దకొడుకు. ఆనకట్ట వర్క్‌షాపులో పనిచేసేవాడు. దొరలు పటాలంలో వంతెనలు కట్టేవాళ్ళు కావాలంటే మీ ముత్తాతే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చేర్పించాడు. దొర ఉప్పు తింటున్నాం, వాళ్ళకి అవసరం వచ్చింది, మనం వెళ్ళాలి అన్నాడంట. అప్పటికింకా టర్కీతో గొడవ లేదు. వీడు ఓడెక్కాక వచ్చింది. ఆ ఓడ వీణ్ణి తీసుకెళ్ళి సుల్తాను సైన్యం ఎదురుగానే దింపింది."

ఫుప్పమ్మ తమలపాకు పక్కకి ఊసి నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు. ఊళ్ళోవాళ్ళు వచ్చి సుల్తానుకి జయం కలగాలని దువా చెయ్యమంటారు. దొర జార్జికి జయం కలగాలని చెయ్యమంటాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సుల్తాను గెలవాలంటే కొడుకు చావాలి. జార్జి గెలవాలంటే ఖలీఫా కూలాలి. ఏ నోటితో అడుగుతాడ్రా? మెట్లెక్కాడు, ఆ చోటుకొచ్చాడు, గొంతు పెగల్లేదు. ఇంటికొచ్చి పెళ్ళాంతో ఒక్క మాట చెప్పాడంట, అక్కడికి వచ్చేసరికి అబ్బాయి మొహం కనిపించింది అని. ఆవిడ మా అమ్మకి చెప్పింది. మా అమ్మ నాకు చెప్పింది."

"దావూద్ దాదా ఏమయ్యారు?"

"ఏమవుతాడు? రాలేదు. సమాధి లేదు. బస్రాలో పోయాడని కబురొచ్చింది. ఇంట్లో ఏటేటా మొదటి వాటా పెడతారే, అది ఎవరికనుకున్నావు?"

సిగ్గేసింది. అరవై రెండేళ్ళు వచ్చాయి, ఔలియా అనుకున్నానని ఎలా చెప్పను? చెప్పాను. ఫుప్పమ్మ నవ్వలేదు.

"తర్వాత ఖిలాఫత్ రోజులొచ్చాయి. దొర మాట వినని ఖతీబు అని ఊరంతా వచ్చి దండలేశారు. వద్దనలేదు. కొడుకు పోయినోడు, వేసేవాళ్ళని ఏం వద్దంటాడు? అప్పటి నుంచి మీ మగాళ్ళు అదే కథ పట్టుకున్నారు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు? వచ్చినప్పుడల్లా నువ్వే చెప్పేవాడివి."

జనవరి 18, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు.

జనవరి 19, సోమవారం

నాన్నకి జావ తాగించి మూతి తుడిచాక అడిగాను. "నాన్నా, బస్రా దాదా అంటే దావూద్ దాదాయేనా?"

నన్నే చూశారు. ఎడమ చెయ్యి లేచింది, శుక్రవారం లేచినట్టే.

"మీకు ముందే తెలుసా? మీరు ఆగింది ఆయన కోసమేనా?"

చెయ్యి దించలేదు. కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తువ్వాలుతో అద్దాను. నాకెందుకు చెప్పలేదు నాన్నా అని మాట పడిపోయిన మనిషిని అడిగాను. బుద్ధి ఉండాలి నాకు.

జనవరి 21, బుధవారం

మస్తాన్ వలీకి చెప్పేశాను. మొత్తం విని గడ్డం గోక్కున్నాడు.

"చక్రవర్తి పేరు చదవలేదు కదండీ? రాయి మీద అదే కదా రాశారు. అబద్ధం ఏవుంది అందులో?"

"సుల్తాను పేరు కూడా చదవలేదు. కొడుకుని ఇంగ్లీషు పటాలంలో చేర్చింది ఆయనే."

"అది రాయి మీద రాయక్కర్లేదు కదా భాయ్." తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు పెద్దవాళ్ళు, మీకు పెన్షనుంది, సొంత ఇల్లుంది. మా పిల్లలు బయట తిరగాలండి. అప్పుడు కూడా ఎవరి పక్కో చెప్పలేదంట అని ఎవడైనా అంటే? మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఒక్కరోజూ పాత కథే చెప్పండి."

నిజంగానే కాళ్ళ మీదకి వంగాడు. లేపి కూర్చోబెట్టాను. సరే అన్నాను.

సరే అన్నాను కాబట్టి పాత కథే చెప్తాను. ఆ మూడు కాగితాలూ బాగానే ఉన్నాయి. అబద్ధం లేదు అందులో, మస్తాన్ చెప్పింది నిజమే.

జనవరి 23, శుక్రవారం

ఆగలేదు. నాన్న చెయ్యి ఎత్తలేదు ఇవాళ.

మైకు పాడైందని చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

జనవరి 25, ఆదివారం

పాత కథే. బొత్తాం కుట్టించాను.

జనవరి 26, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పార్కులో షామియానా వేశారు. స్కూలు పిల్లలు, పెద్దమనుషులు, మన వాళ్ళంతా కొత్త బట్టలతో. మస్తాన్ కొడుకు ముందు వరసలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల తౌసీఫ్ కూడా ఉన్నాడు. రాయి మీద గుడ్డ తీశారు. నల్లటి గ్రానైటు. పై నుంచి మూడో పేరు మాది. బ్రిటిష్ చక్రవర్తి కోసం ప్రార్థించ నిరాకరించిన దేశభక్తుడు ఖతీబ్ ఇమాముద్దీన్ సాహెబ్. అక్షరాలు ఎంత బాగున్నాయో! నా ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు.

మెడలో దండ వేశారు. చేమంతుల దండ, బరువుగా ఉంది. వేస్తుంటే వద్దనలేకపోయాను. అప్పుడు ముత్తాత గుర్తొచ్చారు. వద్దనని ఆయన.

కాగితాలు తీసి మొదటి పేజీ బాగానే చదివాను. గుమాస్తా దగ్గరికి వచ్చాను. పెన్సిలు అనే మాట ఎదురుగా కనిపిస్తోంది. నోరు రాలేదు. నాకు మంచం మీద ఎత్తకుండా పడి ఉన్న నాన్న చెయ్యే కనిపించింది.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. "అయ్యా, మా ముత్తాత చక్రవర్తికి దువా చెయ్యలేదు. సుల్తానుకీ చెయ్యలేదు. ఆయన కొడుకు దావూద్, ఈ ఆనకట్ట దగ్గర పనిచేసిన కుర్రాడు, ఇంగ్లీషువాళ్ళ పటాలంలో సుల్తాను సైన్యానికి ఎదురుగా ఉన్నాడు. పంపింది ఆయనే. ఎవరు గెలవాలని అడిగినా ఆయనకి ఓటమే. అందుకని ఆగిపోయాడు. మీరు ఎవరి పక్క అని అడిగితే చెప్పలేకపోయిన మనిషి ఆయన. కొడుకు పక్క. అంతకు మించి నాకు తెలీదు," అన్నాను.

ఇంకా ఏదో అనబోయాను కానీ ఏడుపొచ్చేసింది. అరవై రెండేళ్ళ వాణ్ణి, మైకు ముందు.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఉదయ్‌భాస్కర్ గారు లేచి వందన సమర్పణ చెప్పేశారు. దిగాక ఆయన్ని పక్కకి పిలిచి, మా పేరు కింద దావూద్ అని చిన్నగా చెక్కించగలరా అని అడిగాను. "పటాలంలో పోయినవాడి పేరు ఈ రాయి మీద... చూద్దాం అండి," అన్నారు. ఆఫీసులో నలభై ఏళ్ళు నేనూ అందరికీ చూద్దాం అండి అనే చెప్పాను. అర్థమైంది.

మస్తాన్ వలీ నాతో మాట్లాడకుండా బండెక్కి వెళ్ళిపోయాడు. కొడుకు ఫొటో తీసుకున్నాడో లేదో చూడలేదు.

జనవరి 28, బుధవారం

మస్తాన్ ఎదురుపడి తల తిప్పుకున్నాడు. వాడి బాధ వాడిది. కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు.

జనవరి 30, శుక్రవారం

మంచం పక్కన కూర్చున్నాను. లోవమ్మ కిటికీ దగ్గర నాన్న లుంగీలు మడతపెడుతోంది. ఖుత్బా రెండో భాగం. అబూబకర్, ఉమర్, ఉస్మాన్, అలీ. పేర్లయిపోయాయి.

మైకులో ఏమీ వినపడలేదు.

కాలవ మీద ఎవడో పడవ మోటారు వేస్తున్న చప్పుడు వచ్చింది. లోవమ్మ చేతిలో లుంగీ ఆగింది. నాన్న చెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు, చూసేసరికి పైన ఉంది. తౌసీఫ్ మళ్ళీ అందుకున్నాడు. చెయ్యి నెమ్మదిగా దిగి నా మోకాలి మీద వాలింది.

"మైకు బాగైంది నాన్నా," అన్నాను. నాన్న మూతి ఒక పక్కకి వంకరగా కదిలింది. నవ్వే అది.

ఫిబ్రవరి 3, మంగళవారం, షబేబరాత్

మొదటి వాటా నేనే పెట్టాను. ఖైరున్ ఎవరి పేరని అడగలేదు, నేనే పైకి చెప్పాను. దావూద్. ఇమాముద్దీన్ కొడుకు దావూద్. నాన్న నాలుక మీద వేలితో ఇంత హల్వా రాశాను, చప్పరించారు.

ఫిబ్రవరి 8, ఆదివారం

నాన్న పోయారు. తెల్లవారుజామున ఫజర్ అజాన్ అవుతుండగా.

ఫిబ్రవరి 9, సోమవారం

నిన్న జనాజా మోసేటప్పుడు ముందు కుడివైపు నేను. ఎడమవైపు ఎవరో భుజం పెట్టారు, తిరిగి చూస్తే మస్తాన్ వలీ. ఖబరస్తాన్ దాకా భుజం మార్చుకోలేదు.

లోవమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. దుర్గ కువైట్ నుంచి ఫోన్ చేసి పెద్దాయన గురించి అడిగిందట.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఇంట్లో కూర్చోవడానికి ఇక కారణం లేదు. చాలా నెలల తర్వాత జుమ్మాకి మసీదులోకి వెళ్ళాను. మస్తాన్ జరిగి పక్కన చోటిచ్చాడు. "మావాడికి రూము దొరికింది భాయ్, కొవ్వూరులో," అన్నాడు చిన్నగా. "రాయి ఫొటో చూపించాడా?" అన్నాను. "లేదండి. ఆ ఓనరు కొడుకు కూడా ఎక్కడో దూరంగా ఉన్నాడంట. అంతే."

తౌసీఫ్ మింబరెక్కాడు. ఖుత్బా చదివేటప్పుడు నాన్న పట్టుకునే చేతికర్రే పట్టుకున్నాడు.

చిన్నప్పటి నుంచీ ఆ చోటు వస్తే నాకు కనిపించేది దొరగారి గుమాస్తా, గాల్లో పెన్సిలు. ఇవాళ దావూద్‌ని తలుచుకోవాలనుకున్నాను. ఆయన మొహం నాకు తెలియదు. కళ్ళు మూసుకుంటే నాన్న చెయ్యి కనిపించింది, దుప్పట్లోంచి లేస్తూ. ఉతికిన లుంగీ వాసన, జావ అంటుకున్న గడ్డం. పక్కన మస్తాన్ పెదాలు కదులుతున్నాయి. వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు.

తౌసీఫ్ మామూలుకన్నా ఎక్కువసేపే ఆగాడు. నాకు చాలలేదు.